మధ్యాహ్నం కరెంటు

పగటిపూట ఆ వీధిలో మనిషి అలికిడి ఉండేది ప్రూఫ్‌రీడరమ్మ ఇంట్లో ఒక్కచోటే. తక్కినవాళ్ళంతా పొద్దున్నే తాళాలు వేసుకుని పనులకు వెళ్ళిపోయేవారు. ఆవిడ కిటికీ పక్కన బల్ల వేసుకుని, ఎవరెవరో రాసిన పుస్తకాల్లో తప్పులు దిద్దుకుంటూ కూర్చునేది. భర్త పోయాక ఆవిడకు మాటలంటే అవే, కాగితం మీదివి.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి గోడ మీది సోలార్ పెట్టె టిక్కుమని ఆగిపోయేది. ఎర్రలైటు వెలిగేది. మేడ మీది సోలార్ పలకలు ఎండలో ఊరికే మాడుతూ ఉండేవి. పొద్దు వాలాక పెట్టె దానంతటదే మళ్ళీ పనిచేసేది. ఆ పలకలు ఆయన ముచ్చటపడి పెట్టించుకున్నవి. బిగించిన కొన్నాళ్ళకే ఆయన గుండె ఆగింది. అందుకే ఆ టిక్కుమనే చప్పుడు వినడం ఆవిడ వల్ల కాలేదు. కరెంటాఫీసుకు ఫోన్ల మీద ఫోన్లు చేసింది.

చివరికి ఒక ఇంజనీరు వచ్చాడు. నడివయసు మనిషి, మాటకారి. మీటరు పెట్టి చూసి, మేడెక్కి వీధంతా కలయజూసి దిగాడు.

“మీ పెట్టెకేం రోగం లేదమ్మా. వీధిలో అందరి మేడల మీదా పలకలే. మధ్యాహ్నం అన్నీ కరెంటు చేస్తాయి, ఇళ్ళల్లో వాడే మనిషుండడు. అందరూ వడ్డించేవాళ్ళే, కంచం ముందు కూర్చునేవాడు లేడు. దాంతో లైన్లో వోల్టేజీ పెరిగిపోతోంది. మీ ఇల్లు లైనుకు చిట్టచివర కదా, అందరికంటే ముందు మీ పెట్టే చేతులెత్తేస్తోంది.”

“మరి దీనికి మందేంటి?”

“లావు తీగలు వేయాలి, ట్రాన్స్‌ఫార్మరు మార్చాలి. రాసి పంపిస్తా. అది వచ్చేసరికి మనిద్దరి జుట్టూ ఇంకాస్త నెరుస్తుంది. ఈలోగా మధ్యాహ్నం ఏదైనా గట్టిగా వాడండి. బట్టల మిషన్ వేసుకోండి.”

“ఒంటిదాన్ని బాబూ. నా బట్టలెన్ని, ఉతికేదెంత?”

ఇంజనీరు నవ్వబోయి, ఆవిడ మొహం చూసి ఆగాడు. “కరెంటు బాగా లాగేది ఇంకేమీ లేదా ఇంట్లో?”

ఆవిడ వెళ్ళి పెరటి గది తలుపు తీసింది. లోపల దుమ్ముకొట్టుకుపోయిన దుప్పటి కింద కరెంటు బట్టీ ఉంది. ఆయన కుండలు చేసే మనిషి. పలకలు పెట్టించింది దానికోసమే. మూత ఎత్తితే పచ్చికుండలు, గిన్నెలు వరసగా పేర్చి ఉన్నాయి. అవి పేర్చిన మర్నాడే ఆయన పోయాడు. ఆ గది తలుపు ఆవిడ ఇన్నాళ్ళూ తీయలేదు, తీయమన్నవాళ్ళూ లేరు.

“ఇవి కాల్చేస్తే ఇక ఆయన సగంలో వదిలిన పనంటూ ఏమీ మిగలదు బాబూ,” అంది.

ఇంజనీరు వంగి వైర్లన్నీ చూశాడు, కాలిపోయిన స్విచ్చు ఒకటి మార్చాడు. “పనిచేస్తుందమ్మా. ఇక మీ ఇష్టం,” అని వెళ్ళిపోయాడు.

కొన్నాళ్ళు ఆవిడ ఎర్రలైటు చూస్తూనే గడిపింది. ఒక ఉదయం ఎందుకో పేజీల మీద మనసు నిలవలేదు. లేచి వెళ్ళి బట్టీ వేసింది. సెగ మెల్లమెల్లగా పెంచాలని ఆయన అనగా విన్నదే ఆ పనిలో ఆవిడకున్న చదువు. మధ్యాహ్నానికి పూర్తిగా పెంచి, వచ్చి పెట్టె ముందు నిలబడింది. టిక్కుమనలేదు. పచ్చలైటు అలాగే వెలుగుతోంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. అడ్డం ఎందుకు పెట్టుకుందో ఆవిడకే తెలీదు, వినేవాళ్ళెవరని?

మర్నాడు బట్టీ చల్లారాక తీసి చూసింది. పెద్ద కుండ నిలువునా పగిలింది. చిన్నవి కొన్ని బీటలిచ్చాయి. మిగతావి ఎర్రగా కాలి, గోటితో కొడితే ఖంగుమన్నాయి. ఆడబిడ్డకు ఫోను చేసింది.

“మీ అన్నయ్య కుండలు కాల్చాను.”

“అయ్యో, మీటింగులో ఉన్నా వదినా. సాయంత్రం మాట్లాడతా.”

సాయంత్రం ఫోను మోగింది. ఇంజనీరు. “నిన్న మీ వీధిలో వోల్టేజీ దిగిందమ్మా. రేపూ బట్టీ వేస్తారా?”

“కాల్చడానికి ఇంకేం లేవు బాబూ.”

“ఓహో,” అన్నాడతను. “జాగ్రత్తమ్మా,” అని పెట్టేశాడు.

ఆడబిడ్డ ఫోను మాత్రం రాలేదు. ఆవిడ దీపం వేసుకుని పెరటి గదిలోకి వెళ్ళింది. మూలనున్న బస్తాలో మట్టి రాయిలా గట్టిపడింది. చితక్కొట్టి నీళ్ళలో నానేసింది. మర్నాడు, దిద్దాల్సిన పేజీలు పక్కకు నెట్టి, ఆయన కుండలు చేసిన చక్రం ముందు కూర్చుంది. ముద్ద నిలవదు, లేస్తే ఒరుగుతుంది. మధ్యాహ్నానికి ఒకటి నిలబడింది. అది గిన్నో, మూకుడో, వంకర టోపీయో చెప్పడం కష్టం. ఆవిడకు పెద్దగా నవ్వొచ్చింది. ఖాళీ ఇంట్లో తన నవ్వు తనకే కొత్తగా వినిపించి, ఉలిక్కిపడి ఆగి, మట్టిచేతులతో ఇంకో ముద్ద తీసుకుంది.