యూనియన్ సిటీకి పోవాల్సిన గొంతు

కాలేషాది రాయచోటి. రియాదులోని మలాజ్ పేటలో ఒక ఎంబ్రాయిడరీ దుకాణంలో మిషను తొక్కేవాడు. పేరులోనే తన పని ఉందని ఆయన వాదన. "కాలే షాపు నడిపేది. అందుకే కాలేషా!" అని గట్టిగా చెప్పి, ఎదుటివాడి కంటే ముందే నవ్వేవాడు. ఆ జోకుకు నవ్వేవాళ్ళు తొంభై ఒకటి జనవరిలో మలాజ్‌లో మిగల్లేదు.

యుద్ధం మొదలైంది. రియాదు మీద స్కడ్ క్షిపణులు పడతాయన్న మాట ముందు పుట్టింది, స్కడ్లు తర్వాత పడ్డాయి. గదిలోని తోటివాళ్ళు మూటలు కట్టుకుని జెద్దా పోయారు. వీసా ఇచ్చిన కఫీలు అబూ ఖాలిద్, దుకాణం కూడా ఆయనదే, కాఫీ తాగొచ్చేవాడిలా కారెక్కి పెళ్ళాం పిల్లలతో తాయిఫులో తేలాడు. పోయే ముందు దుకాణం మూయొద్దన్నాడు. ఫోను డయలుకు చిన్న తాళం వేశాడు. వచ్చే ఫోను ఎత్తుకోవచ్చు, మనం చేసే ఫోను మాత్రం లేదు.

దుకాణం మూయొద్దనడానికి కారణముంది. అమెరికా సైనికులకు చొక్కా మీద పేరుండాలి. ఆ పేరు పట్టీలు కుట్టేది కాలేషా. పగలంతా పేర్లు కుట్టడమే. ఆయనను పేరు పెట్టి పిలిచేవాడు మాత్రం ఒక్కడూ లేడు.

"మా ఊళ్ళో వారానికి ఏడు వారాలు. ఇక్కడ ఏడూ వార్లే! సోమ వార్, మంగళ వార్..." అని గోడకు చెప్పాడు. గోడ నవ్వలేదు. కాలేషా ఆ రోజు ఇంకో జోకు వేయలేదు.

ఇలా ఉండగా ఫారూఖ్ వచ్చాడు. కర్నూలు వైపు మనిషి, డ్రైవరు. పది రోజుల తర్వాత జెద్దా మీదుగా బొంబాయికి పోయే విమానంలో సీటు దొరికించుకున్నాడు.

"అన్నా, మీ ఇంటామె కబురు పంపింది. జాబులొద్దంట."

"ఎందుకొద్దంట?"

"జాబు ఎవడైనా రాస్తాడంట. ఫోను జేస్తే లైను కలవల్యాదంట. గొంతు ఇనపడాలంట. నీ గొంతు ఇనేదాకా నువ్వుండావని నమ్మదంట. ఊర్లో టీవీలో బాంబులు చూసి చూసి బెదిరిపోయింది."

"అయితే తాజున్నీసా లెక్కలో నేను మనిషిని కాదు, గొంతునే."

"ఎగతాళి సాల్లే అన్నా. కాసెట్ నింపియ్యి. బొంబాయిలో దిగినంక రిజిస్టర్ పోస్టు చేస్తా."

ఆ కాలంలో గల్ఫు మొగుళ్ళ ఉత్తరాలు చాలావరకు కాసెట్లే. టేపు రికార్డరు ముందు కూర్చుని అందరికీ వరసగా సలాములు చెప్పి, ప్రశ్నలడిగి, ఎవరికి ఏం పంపిందీ చెప్పేవారు. ఊళ్ళో ఇల్లంతా చుట్టూ కూర్చుని వినేది. కాలేషా దుకాణం మూసిన మధ్యాహ్నపు వేళ, షట్టరు దింపుకుని ఒకవైపంతా నింపేశాడు. తాను దిట్టంగా ఉన్నానని చెప్పాలి కాబట్టి మొదటినుంచి చివరిదాకా నవ్వుతూనే మాట్లాడాడు. స్కడ్ల మీద జోకులు, కఫీలు మీద జోకులు, తన వంట మీద జోకులు. టేపు ఆపాక దుకాణం మరీ నిశ్శబ్దంగా అనిపించింది.

అప్పుడు షట్టరు ఎవరో తట్టారు.

వచ్చినవాడు అమెరికా సార్జెంటు క్వింటానా. అంతకు ముందు కూడా రెండు మూడు మార్లు పట్టీలకని వచ్చాడు. పేరు క్వింటానా, మనిషి క్వింటాలు. పని అయిపోయినా వెళ్ళేవాడు కాదు. మిషను పక్కన స్టూలు మీద కూర్చుని దాని చప్పుడు వినేవాడు. ఇద్దరిదీ అరకొర ఇంగ్లీషు కాదు, కాలేషాదే అరకొర. అయినా క్వింటానా నిదానంగా మాట్లాడేవాడు కాబట్టి, పైగా చేతులతో సగం మాట్లాడేవాడు కాబట్టి, కథ నడిచేది.

"మా అమ్మ కూడా ఇదే పని చేస్తుంది మాస్టర్. నేను ఈ చప్పుడులోనే పెరిగాను."

"ఏ ఊరు సాబ్?"

"యూనియన్ సిటీ."

కాలేషా అదిరిపడి షట్టరు వైపు చూశాడు. "నెమ్మదిగా సాబ్! ఈ దేశంలో యూనియనంటే పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపిస్తారు."

క్వింటానా పగలబడి నవ్వాడు. చాన్నాళ్ళకు ఆ దుకాణంలో ఇంకొకరి నవ్వు వినపడింది. కాలేషాకు ఆ మనిషిని కూర్చోబెట్టి పూజ చేయాలనిపించింది కానీ, మతం ఒప్పదు కాబట్టి చాయ్ పోశాడు.

క్వింటానా నల్ల గుడ్డ మీద దర్జీ సుద్దతో తన ఊరిని గీశాడు. ఒక నది. నదికి అవతల న్యూయార్కు మేడలు. ఇవతల కొండ అంచున వేలెడంత ఊరు. ఒకప్పుడు రెండు చిన్న ఊళ్ళట, కలిపేసి యూనియన్ అన్నారట. చదరపు మైలుకు కాస్త ఎక్కువ నేల, అందులో అరవై వేలమంది దాకా. అంత ఇరుకైన ఊరు అమెరికాలోనే లేదని వాళ్ళు గొప్పగా చెప్పుకుంటారట.

"ఇరుకు కూడా గొప్పేనా సాబ్?"

"ఇళ్ళకు మధ్య చెయ్యి దూరదు. మా వంటింట్లో ఉల్లిపాయ తరిగితే పక్కింటామె కళ్ళు తుడుచుకుంటుంది."

మొదట జర్మన్లు వచ్చారట. వాళ్ళ వెనకే స్విట్జర్లాండు నుంచి, ఆస్ట్రియా నుంచి కుట్టుపనివాళ్ళు పెద్ద పెద్ద మిషన్లు తెచ్చి దింపారు. ఈ దుకాణం పొడవుకు రెండింతల మిషన్లు, ఒక్కటి తిరిగితే వీధి వీధంతా వణికేది. దేశమంతటి ఆడవాళ్ళ లేసులూ, సైన్యం బిళ్ళలూ అక్కడే కుట్టేవారు. ఆ వచ్చినవాళ్ళ పిల్లలు నాలుగు డబ్బులు చూశాక విశాలమైన ఊళ్ళకు పోయారు. ఆ గదుల్లోకి ఇటలీవాళ్ళు, ఆర్మీనియావాళ్ళు దిగారు. వాళ్ళూ పోయారు. తర్వాత క్యూబా నుంచి క్వింటానా అమ్మలాంటివాళ్ళు వచ్చారు. వీధిలో బోర్డులు స్పానిషులోకి మారాయి. కిటికీలోంచి చిట్టి గ్లాసుల్లో కాఫీ అమ్మడం, ముసలివాళ్ళు అరుగుల మీద డొమినోలు ఆడుతూ వదిలి వచ్చిన దేశాన్ని తిట్టడం మొదలైంది. ఇప్పుడు ఈక్వడార్ నుంచీ ఇంకెక్కడెక్కడి నుంచో వస్తున్నారు. మిషన్లు మాత్రం అవే.

"ఇది మా మలాజ్ గది కథే సాబ్!" అన్నాడు కాలేషా. "ముందొచ్చినోడు పోతూ పోతూ పరుపు, స్టవ్వు ఎనకొచ్చినోడికి ఇచ్చి పోతాడు. పరుపు మారదు, పండుకునేటోడే మారతాడు."

"అంతే మాస్టర్. కాకపోతే మాది పరుపు కాదు, ఊరు."

మరుసటి వారం క్వింటానా దళం ఉత్తరానికి కదులుతోందని తెలిసింది. కాలేషా సలహా మీద అతనూ తల్లికి కాసెట్ నింపాడు. గుడారంలో ఇరవైమంది మధ్య తల్లితో మాట్లాడలేనన్నాడు, అందుకని దుకాణంలోనే కూర్చున్నాడు. కాలేషా లేచి బయటికి పోబోతే ఆపాడు.

"వెళ్ళొద్దు. మీరు మిషను తొక్కుతూ ఉండండి. అమ్మకు ఆ చప్పుడు వినపడితే నేను మంచిచోటే ఉన్నాననుకుంటుంది."

కాలేషా తొక్కాడు. స్పానిషులో ఒక్క ముక్క తెలియకపోయినా మధ్య మధ్య తన పేరు వినిపించి మురిసిపోయాడు. చివర్లో క్వింటాలు మనిషి ఏడ్చేశాడు. కాలేషా తల వంచుకుని, గుడ్డలేని మిషను తొక్కుతూనే ఉన్నాడు.

రాయచోటివాళ్ళకు పార్సిలంటే గుడ్డలో పెట్టి కుట్టాల్సిందే. అట్టపెట్టె మీద నమ్మకం లేదు. కాలేషా రెండు కాసెట్లకూ ఖాకీ గుడ్డతో రెండు సంచులు చేశాడు. ఒకదాని మీద రాయచోటి చిరునామా, ఇంకొకదాని మీద యూనియన్ సిటీ చిరునామా ఎర్రదారంతో ఎంబ్రాయిడరీ చేసి, కాసెట్లు లోపల పెట్టి, నాలుగు వైపులా రెండేసి కుట్లు వేశాడు. కస్టమ్స్‌వాడి తాత వచ్చినా విప్పలేడు. విప్పలేకపోవడమే కొంప ముంచింది. రెండూ ఒకే రకం కాసెట్లు. ఏది ఏ సంచిలో పడిందో చూసుకోవడానికి అవతలి ఒడ్డు దాకా వీల్లేదు.

ఒక సంచి ఫారూఖ్ తీసుకుపోయాడు. రెండోది క్వింటానా జేబులో పెట్టుకుని సైన్యం పోస్టులో వేస్తానన్నాడు. వాకిట్లో నిలబడి కాలేషా భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి బరువు ఆ సాయంత్రమంతా అక్కడే ఉన్నట్టుంది.

యుద్ధం ముగిసింది. రంజాన్ వచ్చింది. తాజున్నీసా నుంచి జవాబు కాసెట్ రాలేదు. తన గొంతు చేరిందన్న ధీమాతో కాలేషా మొదట అలిగాడు, తర్వాత దిగులుపడ్డాడు. పట్టీలకని వచ్చే సైనికులందరినీ క్వింటానా గురించి అడిగాడు. వాళ్ళు భుజాలెగరేశారు. అమెరికా సైన్యం యూనియన్ సిటీ కాదు, అడగ్గానే పక్కింటివాడి సంగతి చెప్పడానికి. ఇఫ్తారుకు ఖర్జూరాలు పళ్ళెంలో పెట్టుకుని, ఎదురుగా ఖాళీ స్టూలును చూస్తూ తినేవాడు.

ఒకనాడు మధ్యాహ్నం ఫోను మోగింది. రాయచోటి ఎస్టీడీ బూతు నుంచి బామ్మర్ది గులాం మొహిద్దీన్.

"హలో! కాలేషా పని చేస్తాన్న అంగడేనా?"

"అవును."

"అయ్యా, మేము ఆయన ఇంటోళ్ళం. శవాన్ని ఎప్పుడు పంపిస్తారయ్యా?"

"ఎవని శవంరా?"

"మా బావ... కాలేషా శవం."

"నేను శవం గాదురా గాడిదా! రంజాన్ అయిపోయి షవ్వాల్ నెల వచ్చినా బతికే ఉంటా!"

అవతల రిసీవరు కింద పడిన చప్పుడు. బూతులో ఎవరో "యా అల్లా" అన్నారు. మళ్ళీ రిసీవరు పైకి లేచింది.

"బావా? నువ్వేనా? ఇట్లాంటి పాడు జోకు నువ్వే ఏస్తావు. నువ్వే!"

"నేను సచ్చినానని ఎవుడు చెప్పినాడు?"

"కాసెట్‌లో చెప్పినాడు గదా, ఆ తెల్లాయన. ఏందో బాసలో 'కాలేషా, కాలేషా' అన్యాడు. కడాకు ఏడ్సినాడు. ఇంగేమనుకోవాల? మీయమ్మ మంచం పట్టింది. నీ పేరు మీద ఫాతిహా కూడా చదివించినాము బావా!"

కాలేషా గోడకు ఆనుకున్నాడు. ఏ సంచిలో ఏది పోయిందో అప్పుడర్థమైంది.

"తాజున్నీసా?"

"అదా? అదొక్కతే ఒప్పుకోల్యా. గాజులు తియ్యనన్యాది. మొగుడు పోయినోళ్ళు కూర్చునే ఇద్దత్తు కూర్చోనన్యాది. పిచ్చి పట్టిందనుకున్యాము. ఫోను జెయ్యి, ఫోను జెయ్యి అని అదే పోరు పెట్టింది. ఇదో, ఈడే ఉండాది."

రిసీవరు చేతులు మారింది. ఎప్పుడూ మాటలకు తడుముకోని కాలేషా ఫోను తీగను వేలికి చుట్టుకున్నాడు.

"మాట్లాడు," అంది తాజున్నీసా.

"ఎట్లా తెలిసింది నీకు?"

"ఆయప్ప మాటల ఎనక మిషను తిరుగుతాంది. రెండు తొక్కుళ్ళు, ఒక ఆపు. మన వసారాలో పెండ్లయిన కాడ్నించి ఇన్యాను ఆ తొక్కుడు. సచ్చినోడు మిషను తొక్కుతాడా అని అడిగితే ఎవురూ ఇనుకోల్యా. ఇంటి నిండా జనం. అంతమందిలో దాన్ని ఇనింది నేనొక్కదాన్నే."

కాలేషా కళ్ళు తుడుచుకున్నాడు. నవ్వించబోయాడు. "మరి నా కాసెట్ అమెరికాలో ఆయనమ్మ ఇంటాంటాది..."

"దాంట్లో నువ్వేం చెప్పినావు?"

"ఏముంది... నవ్వులే."

"అంటే కొడుకు గొంతు కోసరం కూర్చున్న తల్లికి ఎవుడో నవ్వుతాండే గొంతు పోయింది." ఆమె ఆగింది. "ఆయప్ప తిరిగొచ్చినాడా?"

కాలేషా ఖాళీ స్టూలు వైపు చూశాడు.

"తెలీదా?"

"తెలీదు. వాళ్ళది శానా జనముండే ఊరులే. చుట్టూ మనుషులే. ఎవురో ఒకరు ఓదారుస్తారు."

"మన ఇంట్లో లేరా జనం?" అంది తాజున్నీసా. "ఆ కాసెట్ ఆమెకు చేరాల. ఇంగ వాని చేతికీ వీని చేతికీ ఇయ్యను. ఒకమారు నమ్మి ఇచ్చినందుకు నీకు ఫాతిహా అయింది. నువ్వే రా. అడ్రెస్సు నీకే తెలుసు, నీ చేత్తో పోస్టుకు తీసకపోయి పంపు."

లైను తెగిపోయింది. ఆమె మంకుపట్టులో సగం ఆ తల్లి కోసమో, మొత్తం తన కోసమో కాలేషాకు తేలలేదు. తేలాల్సిన అవసరమూ కనపడలేదు.

అబూ ఖాలిద్ తాయిఫు నుంచి వచ్చి వారమైంది. ఈద్ ముందర తోబుల, అంటే అరబ్బుల పొడుగు చొక్కాల, మెడలకు కుట్టుపని కొండలా పేరుకుపోయి ఉంది. కాలేషా వెళ్ళి ఆయన ముందు నిలబడి సెలవడిగాడు.

"ఇప్పుడా? లేష్? ఎందుకు?" అబూ ఖాలిద్ జపం చేసుకునే తస్బీ పూసలు తిప్పడం ఆపాడు. "ఇంట్లో ఎవరైనా పోయారా?"

"నేనే పోయాను సీదీ. అది సర్దుకుంది."

అబూ ఖాలిద్‌కు నవ్వు రాలేదు. "భార్యకు ఒంట్లో బాగాలేదా? తల్లికా?"

"తల్లికే."

"మీ అమ్మకా?"

అబద్ధం నాలుక చివర సిద్ధంగా ఉంది. అవునంటే చాలు, కఫీలు దగ్గరుంచుకున్న పాస్‌పోర్టు బీరువాలోంచి బయటికొస్తుంది. కాలేషా బయటికి చూశాడు. మలాజ్ వీధి మళ్ళీ నిండింది. కొత్తవాళ్ళు, పాత గదులు, పాత పరుపులు. ఇంతమందిలో తనను ఎరిగినవాడు ఒక్కడూ లేడు.

"కాదు సీదీ," అన్నాడు. స్టూలు లాక్కుని, అడక్కుండానే కఫీలు ఎదురుగా కూర్చున్నాడు. "చెప్తాను, కొంచెం పొడుగు కథ. నది ఒడ్డున కొండ మీద ఒక ఊరుంది..."