పౌలు మెడగుడ్డ

చొప్పదండి మెథడిస్టు చర్చిలో ఆదివారం ఆరాధనకన్నా ముందు టైలు కట్టే పని జరిగేది. పాటల బృందంలో మగవాళ్లంతా టై కట్టుకోవాలన్నది బృందాన్ని నడిపే స్టీఫెన్ పెట్టిన నియమం. కట్టుకోవడం మాత్రం ఒక్కరికీ రాదు. పొలం నుంచి, రైసుమిల్లు నుంచి వచ్చే మనుషులు. మెడ మీద తువ్వాల తప్ప మరొకటి ఎరగరు. అందుకని స్టీఫెన్ వరండాలో నిలబడి ఒక్కో టైని ముందు తన మెడకే వేసుకుని, ముడి బిగించి, వదులు చేసి, తల మీంచి తీసి అవతలివాడికి తగిలించేవాడు. ఎదుటి మెడకు నేరుగా కట్టడం ఆయనకు చేతకాదు. ఆ ముడి విప్పకుండా ఇంట్లో మేకుకు వేలాడదీసి ఏడాదంతా నెట్టుకొచ్చే మహానుభావులూ ఉన్నారు.

బృందంలో రెండో గొంతు ఆయన తమ్ముడు పౌలుది. స్టీఫెన్ పాట ఎత్తుకుంటే పౌలు గొంతు కింద నుంచి దాన్ని మోసేది. ఇద్దరిలో ఎవరిది మంచి గొంతో ఊరందరికీ తెలుసు. స్టీఫెన్‌కూ తెలుసు.

ఆ పౌలుకు గొంతులో కంతి లేచింది. కరీంనగర్‌లో ఆపరేషన్ చేయించారు. కంతి పోయింది, దాంతోపాటు మాటా పోయింది. మెడ మీద మిగిలిన మచ్చ కాలర్ గుండీ పెడితేనే మండేది, ఇక టై సంగతి చెప్పేదేముంది. కూతురు హెప్సిబా ఫోన్‌లో చూసి నేర్చుకుని, తల్లి మగ్దలేనమ్మ పాత పట్టుచీర కొంగుతో ఓ మెడగుడ్డ కుట్టింది.

"దీన్ని ఆస్కాట్ అంటరు బాపూ. టై లెక్క బిగియ్యద్దు" అంటూ అంగీ పై గుండీ విప్పింది. గుడ్డను మెడ చుట్టూ వేసి, పొడుగు కొసను పొట్టి కొస మీదుగా తిప్పి, కింద నుంచి పైకి తీసి, ముందుకు పరిచి, అంగీలోకి దోపింది.

"జర వదులుగనే ఉండనియ్యి బిడ్డా" అన్నాడు పౌలు.

గుడ్డ కడితే మాట ఉంది, విప్పితే లేదు. వేరే గుడ్డలు కట్టి చూశారు, వాటిల్లో ఏమీ లేదు. డాక్టరు అంతా విని, "వేడినీళ్లల్ల ఉతకకుండ్రి" అని చెప్పి బయటున్న పేషెంటును పిలిచాడు.

ఆ ఆదివారం పౌలు మెడగుడ్డతో చర్చికి వచ్చి, వరండాలో ఒక చరణం మెల్లగా పాడి చూసుకున్నాడు. ఊడుస్తున్న ఆడవాళ్లు చీపుర్లు ఆపి విన్నారు. మునుపటికన్నా మెత్తటి గొంతు. స్టీఫెన్ కూడా విన్నాడు.

"గిదేందిరా?" అన్నాడు.

"ఆస్కాటట అన్నా. టై పెడితే మంట పుడుతుంది."

"జిల్లా చర్చిలకు పెద్ద, డీఎస్ అయ్యగారు వస్తుండు. గీ సోకులు ఇయ్యాల్నే చెయ్యాల్నా?"

"సోకు కాదన్నా. నా గొంతు గిండ్లనే ఉన్నది."

"తమ్మునివని నీకు ఇడిసిపెడితే రేపు అందరు తువ్వాలలు సుట్టుకొని వస్తరు. టై ఉంటెనే పాట."

నియమం అని పైకి అన్నాడు గానీ, లోపల ఉన్నది కుళ్లు. అది ఆయనకూ తెలుసు.

పౌలు అంగీలోంచి గుడ్డ కొస బయటికి లాగాడు. "అయితే నువ్వే ఉంచుకో అన్నా" అని, గుడ్డ విప్పి, మడిచి, స్టీఫెన్ చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

స్టీఫెన్ దాన్ని పాటల పుస్తకాల బీరువాలో పెట్టి తాళం వేశాడు. పొద్దుగూకేసరికి వచ్చి తీసుకుపోతాడులే అనుకున్నాడు. పౌలు రాలేదు. ఆదివారం ఆదివారం బీరువాలోంచి రెండో గొంతు వినబడేది. "తలుపు జర తీసిపెట్టు స్టీఫెనన్నా, సన్నగ వస్తుంది" అనేవాళ్లు బృందంలోవాళ్లు. స్టీఫెన్ తలుపు తీసి పెట్టి పాట నడిపించేవాడు.

ఒకసారి హెప్సిబా వచ్చి గుడ్డ అడిగింది. "వాన్నే వచ్చి అడుగుమను" అన్నాడు. అడగడానికి కావలసిన గొంతు తన బీరువాలోనే ఉందని ఆ పూట ఆయనకు తట్టలేదు. తట్టాక సిగ్గేసింది. సిగ్గుతో మరిన్ని నెలలు గడిపేశాడు.

హెప్సిబాకు మంథని సంబంధం కుదిరింది. పెళ్లికార్డు పట్టుకుని వచ్చి, పెద్దనాన్న ముందు కూర్చుంది.

"పెద్దబాపూ, ఈ కన్యను ఎవరిస్తున్నరని అయ్యగారు అడుగుతడు గద. మా బాపు 'నేను' అనాలె. గా ఒక్క మాట కోసం గుడ్డ ఇయ్యి. అటెన్క మళ్ల నువ్వే దాసుకో."

ఆ 'దాసుకో' అన్న మాటకు స్టీఫెన్ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

పెళ్లిరోజు పొద్దున గుడ్డ తీసుకుని తమ్ముడి ఇంటికి పోయాడు. లోపల ఆడవాళ్లు పెళ్లికూతుర్ని తయారు చేస్తున్నారు. పౌలు తెల్లంగీ వేసుకుని, పై గుండీ విప్పుకుని గడపలో నిలబడి ఉన్నాడు. అన్నను చూసి ఏమీ అనుకోకుండా మెడ చాచాడు. స్టీఫెన్ కళ్లు నీళ్లతో మసకబారాయి. చేతులు మాత్రం తమకు అలవాటైన పని చేసుకుపోయాయి. గుడ్డను తన మెడకు వేసుకున్నాయి, టై ముడి వేసి బిగించాయి, వదులు చేసి తల మీంచి తీసి పౌలు మెడకు తగిలించాయి.

"ఏదన్న అనురా తమ్మీ" అన్నాడు స్టీఫెన్.

అది పౌలు గొంతు. స్టీఫెన్ నోట్లోంచి వచ్చింది.

పౌలు పెదాలు కదిలాయి, చప్పుడు లేదు. మగ్దలేనమ్మ పరుగున వచ్చి ముడి విప్పి, గుడ్డను పద్ధతిగా పరిచి, దోపి చూసింది. ఇప్పుడది ఉత్త చీర ముక్క. స్టీఫెన్ తన మెడకు మళ్లీ కట్టుకుని విప్పాడు, ఇంకోసారి కట్టుకుని విప్పాడు. గొంతు తిరిగి గుడ్డలోకి పోలేదు. ఆయన సొంత గొంతు ఎటు పోయిందో ఎవరూ అడగలేదు. చర్చి గంట మోగుతుంటే అందరూ కదిలారు.

స్టీఫెన్ చివరి బెంచీలో కూర్చున్నాడు. అయ్యగారు అడగవలసింది అడిగాడు. హెప్సిబా చెయ్యి పట్టుకున్న పౌలు నోరు తెరిచి, మూసి, వెనక్కి తిరిగి అన్నను చూశాడు.

"నేను" అన్నాడు స్టీఫెన్, లేచి నిలబడి.

ఎన్నాళ్లకో విన్న తండ్రి గొంతు. హెప్సిబా ముసుగులోంచి నవ్వుతూ గిర్రున ఆ గొంతు వైపు తిరిగింది. పక్కనే ఉన్న తండ్రిని దాటి, చివరి బెంచీ దాకా చూసింది. ఎవరు నిలబడ్డారో కనబడ్డాక ఆ నవ్వు ముఖం మీదే ఆగిపోయింది. పౌలు ఆమె చెయ్యి అల్లుడి చేతిలో పెట్టాడు.

ఆ తర్వాత స్టీఫెన్ చర్చిలో పాడలేదు. వరండాలో టైల పనీ లేదు. బృందంలోవాళ్లు కాలర్లు తెరిచే పాడుతున్నారు, బాగానే పాడుతున్నారు. సాయంత్రమైతే ఆయన తమ్ముడి ఇంటికి పోయి పక్కన కూర్చుంటాడు. మంథని నుంచి ఫోన్ వస్తే పౌలు పెదాలు కదుపుతాడు, స్టీఫెన్ వాటిని చూసి పలుకుతాడు. "తిన్నవా బిడ్డా? అల్లుడు పనికి పోయిండా?" తన మాట ఒక్కటీ కలపడు.

మొన్న హెప్సిబా అడిగింది, "పెద్దబాపు ఎట్లున్నడు బాపూ?"

స్టీఫెన్ తమ్ముడి పెదాల వైపు చూశాడు. అవి కదలలేదు. ఫోన్‌లో హెప్సిబా, "బాపూ, వినవడుతుందా?" అంటోంది. ఫోన్ పట్టుకుని, ఆ పెదాలనే చూస్తూ అలాగే కూర్చున్నాడు.