అయిదో గుర్తు

శుక్రవారం సాయంత్రం టీవీవాళ్ళు ఫోన్ చేసినప్పుడు మేకప్‌మేన్ అన్నది ఒకే ఒక్క మాట. "ఆ మచ్చ నేనే వేశానండీ, నా చేతులతో." ఆదివారం పొద్దుటికి ఆ మాట ఊరూవాడా తిరిగేసింది. టీవీలో ఆయన గొంతు వినిపించినప్పుడల్లా పక్కన ఒక పాత ఫొటో వేస్తున్నారు. అందులో ఆయన సన్నగా, ఒత్తయిన జుట్టుతో, కుర్చీలో కూర్చున్న హీరోయిన్ ఎడమచేతి మీదికి వంగి బ్రష్షుతో రంగు అద్దుతున్నాడు.

గొడవంతా ఆ చేతి గురించే. ఇరవై మూడేళ్ళ కిందట ఆ సినిమాలో హీరోయిన్‌గా చేసినావిడ పది రోజుల క్రితం ఒక ఇంటర్వ్యూలో నోరు విప్పింది. షూటింగు రోజుల్లో డైరెక్టరు తనను సెట్టు వెనక్కి లాక్కెళ్ళి కొట్టేవాడనీ, అది ఒక్కసారితో పోలేదనీ చెప్పింది. సినిమాలో తన చేతి మీద కనిపించే మచ్చ ఆయన వేళ్ళదేనని కూడా చెప్పింది. అప్పటినుంచి రోజూ సాయంత్రం ఆరింటికి టీవీలో ఇటు ఇద్దరు, అటు ఇద్దరు కూర్చుని గొంతులు చించుకుంటున్నారు.

డైరెక్టరు అల్లాటప్పా మనిషి కాదు. ఆయన సినిమాలను కాలేజీల్లో పాఠాలుగా చెబుతారు. ఆ మచ్చకైతే మరీ పేరు. కథలో ఆ అమ్మాయిని ఎవరూ కొట్టరు. సినిమా సగంలో ఉన్నట్టుండి చేతి మీద మచ్చ కనిపిస్తుంది. చివరిదాకా ఉంటుంది. ఎలా వచ్చిందో ఎవరూ చెప్పరు. ఆ చెప్పకపోవడంలోనే గొప్పతనమంతా ఉందని ఒక విమర్శకుడు ఏకంగా పుస్తకం రాశాడు. ఈ పది రోజుల్లో డైరెక్టరు పెదవి విప్పలేదు. ఆయన తరఫున మాట్లాడేవాళ్ళకు మాత్రం కొదవ లేదు. మచ్చ మేకప్పేనని మేకప్ వేసినవాడే చెబుతుంటే ఇక ఆవిడ మాటకు విలువేముంది అని వాళ్ళు అడుగుతున్నారు. జనం కూడా చాలామంది అదే అడుగుతున్నారు.

మేకప్‌మేన్ అబద్ధం చెప్పానని అనుకోలేదు. ఆయనకు వచ్చిన ఒకే ఒక అవార్డు ఆ మచ్చకే వచ్చింది. రిటైరయ్యాక వారానికి మూడు రోజులు మేకప్ నేర్పే స్కూలుకి వెళ్ళి పాఠాలు చెబుతున్నాడు. అక్కడా మొదటి పాఠం కమిలిన గాయమే. మనిషికున్నట్టే దెబ్బకూ వయసుంటుందని చెబుతాడు. మొదటి రోజు ఎర్రగా ఉంటుంది, తర్వాత నీలంగా, ఆ తర్వాత ఆకుపచ్చగా, చివర పసుపు పచ్చగా మారి మాయమవుతుంది. వయసు తెలియకుండా దెబ్బ వేసేవాడు గోడలకు రంగులు వేసుకోవడం మేలని కూడా చెబుతాడు. పిల్లలు నవ్వుతారు.

ఆదివారం పదింటికి మరదలు వచ్చింది. భార్య పోయి ఎనిమిది నెలలైంది. అప్పటినుంచి మరదలు ప్రతి ఆదివారమూ రెండు డబ్బాల్లో వంట తెచ్చి, ఫ్రిజ్‌లో పెట్టి, పోయిన వారంవి తినలేదని రెండు చీవాట్లు పెట్టి వెళుతుంది. ఈసారి డబ్బాలు బల్ల మీదే ఉంచి, సంచిలోంచి అట్ట మాసిన పొడుగాటి పుస్తకం తీసింది.

"ఫోన్లో మాట్లాడే ముందు నాకో ముక్క చెప్పాల్సింది బావా."

"నీకు చెప్పి మాట్లాడ్డానికి నువ్వేమన్నా హెడ్‌మిస్ట్రెస్సువా? ఇంకా కాలేదుగా."

"కాలేదు. అయిన రోజున ముందు నిన్నే బెంచీ ఎక్కిస్తా. కూర్చో."

ఆయన కూర్చున్నాడు. టీవీ నడుస్తూనే ఉంది. భార్య ఉన్నన్నాళ్ళూ సౌండు తగ్గించమని పోరేది. ఇప్పుడు అడిగేవాళ్ళు లేకపోయినా ఆయన తగ్గించే చూస్తున్నాడు.

ఆ పుస్తకం ఏమిటో ఆయనకు చూడగానే తెలిసింది. మరదలు టీచరు కాకముందు ఒకే ఒక్క సినిమాకు కంటిన్యూటీ రాసింది. ఆ ఉద్యోగంలో పెట్టించింది ఆయనే. సినిమా వరసగా తియ్యరు. తలుపు తీసే ముక్క ఇవాళ తీస్తే, గదిలో అడుగుపెట్టే ముక్క మూడు వారాల తర్వాత తీస్తారు. చొక్కాకి ఏ గుండీ ఊడింది, గ్లాసులో నీళ్ళెంత ఉన్నాయి, జుట్టు ఏ పక్కకు పడింది, అన్నీ ఒకరు చూసి రాసిపెట్టాలి. ఇరవై ఒక్కేళ్ళ వయసులో ఆ రాసే పని ఆవిడది.

"పదకొండో రోజు," అంటూ ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని క్లాసులో చదివినట్టే చదివింది. "భోజనాల తర్వాత మొదటి షాట్. హీరోయిన్ ఎడమచెయ్యి, మోచేతికి పైన, బయటివైపు నాలుగు ఎర్ర గుర్తులు. లోపలివైపు ఒకటి, కెమెరాకు కనపడదు. పొద్దుటి షాట్లలో లేవు. మేకప్ లిస్టులో లేవు. డైరెక్టరు ఉండనీమన్నారు. ఇకముందు మెయింటెయిన్ చెయ్యాలి."

"లిస్టులో రాయడం మర్చిపోయుంటాను. ఆ హడావిడిలో లిస్టులు ఎవడు చూశాడు."

"నేను చూశాను. జీతం దానికేగా ఇచ్చింది."

"పొద్దున ఆయన చెప్పాడు, మధ్యాహ్నం నేను వేశాను. ఇందులో పెద్ద రహస్యమేముంది?"

"ఏమని చెప్పాడు?"

సభల్లో, ఇంటర్వ్యూల్లో, క్లాసుల్లో లెక్కలేనన్నిసార్లు చెప్పిన సంగతే. ఆయన తడుముకోకుండా అందుకున్నాడు. "భుజం మీద చెయ్యేసి, ఈ పిల్ల కథంతా నీ బ్రష్షులోనే ఉందయ్యా, అన్నాడు."

మరదలు పూర్తిగా విన్నది. "మొదటి రెండేళ్ళు నువ్వు చెప్పినప్పుడు ఆ డైలాగు లేదు బావా. అవార్డు వచ్చాక చేరింది."

ఆయనకు కోపం వచ్చింది. టీవీ కట్టేశాడు. లేచి కిటికీ దాకా వెళ్ళి వెనక్కి వచ్చాడు. ఆవిడ పుస్తకం మూయలేదు.

"సరే, అదీ వదిలెయ్. ఒక్కటి చెప్పు. లోపలివైపు గుర్తు ఎందుకు వేశావు?"

ఆయన జవాబు చెప్పబోయి, తనకు తెలియకుండానే కుడిచేత్తో తన ఎడమచెయ్యి పట్టుకుని చూసుకున్నాడు. నాలుగు వేళ్ళు బయటివైపు, బొటనవేలు లోపలివైపు.

"ఫ్రేములో లేని చెవికి పౌడరు రాశాడని అసిస్టెంటుని ఒక పూటంతా తిట్టినవాడివి," అంది మరదలు. గొంతు పెంచలేదు. "కెమెరాకి కనపడని చోట నువ్వు రంగు పెట్టావా?"

ఆయన పుస్తకం తన వైపు తిప్పుకున్నాడు. పన్నెండో రోజు నుంచి మేకప్ లిస్టులో మచ్చ ఉంది. ముప్ఫయ్యో రోజు దాకా ప్రతి పేజీలోనూ బయటి నాలుగు గుర్తులూ ఒకేలా ఉన్నాయి, తేడా లేకుండా. తేడా ఉండకూడదు కూడా, అదే ఆయన పనితనం. కానీ రాయమన్నా రాయొద్దన్నా కంటపడిందల్లా రాసే ఆ పిల్ల, అయిదో గుర్తునీ వదల్లేదు. పదమూడో రోజు: లోపలి గుర్తు నీలం. పదహారో రోజు: లోపలి గుర్తు ఆకుపచ్చ. పంతొమ్మిదో రోజు: పసుపు. ఇరవై రెండో రోజు: లోపలి గుర్తు లేదు.

ఆయన ఆ నాలుగు పేజీలూ మళ్ళీ మొదటినుంచి చదివాడు. రంగుకు వయసు రాదు. వయసు వచ్చినది రంగు కాదు.

"ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదు?" అన్నాడు చివరికి.

"అక్కకు చెప్పాను."

"ఎప్పుడు?"

"నీకు అవార్డు వచ్చిన ఏడు. అక్క, ఆయన మురిసిపోతున్నాడు, ఉండనీవే, అంది. ఎవరైనా ఊరుకోమంటే బాగుండునని నేనూ చూస్తున్నట్టున్నాను. ఊరుకున్నాను."

భుజం మీద చెయ్యేసిన కథ ఆయన ఎత్తుకున్నప్పుడల్లా భార్య ఏదో పని ఉన్నట్టు లేచి లోపలికి వెళ్ళేది. విన్నదే విని విసిగిందనుకునేవాడు. ఒకటి రెండుసార్లు నలుగురిలో ఆ మాట అని నవ్వించాడు కూడా.

"నువ్వు ఆ అమ్మాయిని అడగలేదా?"

"అడిగాను. మేడమ్, ఇది మేకప్పేనా అని. నాకేసి చూసి, కనిపించింది కనిపించినట్టు రాసిపెట్టమ్మా, అంది. మేకప్పేనేమో అనుకున్నాను." కళ్ళజోడు తీసేసింది. "లేదు బావా. మేకప్పని తెలిస్తే అడిగేదాన్నే కాదుగా."

టీవీవాళ్ళు సోమవారం చర్చకు రమ్మని అప్పటికే నాలుగుసార్లు ఫోన్ చేశారు. ఆయన ఎటూ చెప్పలేదు. ఇప్పుడు ఫోన్ తీసి వస్తానని చెప్పాడు.

"ఈ పేజీల కాపీలు, అడుగున సంతకం ఉన్న వరస కప్పి తీయించి తీసుకెళ్ళు," అంది మరదలు. "నా ఊసు మాత్రం తేకు. స్టాఫ్ రూములో రోజూ ఇదే గోల. ఇన్నేళ్ళకా గుర్తొచ్చింది ఆవిడకి, అని ఆడిపోసుకుంటుంటే నేను తలెత్తకుండా పేపర్లు దిద్దుకుంటూ కూర్చున్నాను. చూసి ఊరుకున్నది నేనేనని తెలిస్తే పిల్లలకి నా ముఖం ఎలా చూపించను?"

ఆయన సరేనన్నాడు.

సోమవారం మరదలు కూడా వెంట వచ్చింది. బస్సు మారాలి, నువ్వు ఎక్కడో దిగిపోతావు, అని వంక చెప్పింది. స్టూడియో బయట నడవాలో బెంచీ, బెంచీకి ఎదురుగా గోడకు టీవీ ఉన్నాయి. ఆవిడ సంచి ఒళ్ళో పెట్టుకుని బెంచీ మీద కూర్చుంది.

మేకప్ గదిలో ఒక అమ్మాయి ఆయన మెడచుట్టూ టవల్ కట్టి, "పెద్దవాళ్ళు మీకు నేను వెయ్యడమేంటి సార్, భయమేస్తోంది," అంది. నుదుటికి స్పాంజి తగిలించేటప్పుడు, "నొప్పిగా లేదు కదా?" అని అడిగింది.

"స్పాంజికి నొప్పేమిటమ్మా," అన్నాడాయన. అన్నాక చాలాసేపు అద్దంలోకే చూస్తూ కూర్చున్నాడు. ఆ అమ్మాయి తన పని నచ్చలేదేమోనని కంగారుపడింది.

లోపల నాలుగు కుర్చీల మధ్యలో ఆయనకు ఒక కుర్చీ వేశారు. ఎడమపక్క మచ్చ మీద పుస్తకం రాసిన విమర్శకుడు, ఆయన పక్కన డైరెక్టరు తరఫు నిర్మాత కూర్చున్నారు. కుడిపక్క ఒక లాయరమ్మ, ఒక విలేకరి. యాంకరు శుక్రవారం నాటి మాట వినిపించి, ఆ ఫొటో చూపించి, "చెప్పండి మాస్టారూ, ఆ మచ్చ ఎవరిది?" అంది.

"మొదటి రోజు మచ్చ నేను వెయ్యలేదండీ. రెండో రోజు నుంచి వేశాను. ఈ ఫొటో చాలా రోజుల తర్వాతది."

ఎవరూ అడ్డం రాకపోవడంతో ఆయన కాపీలు చూపించి అయిదో గుర్తు సంగతి చెప్పాడు, క్లాసులో చెప్పినట్టే. నిర్మాతే ముందు తేరుకున్నాడు.

"మాస్టారంటే నాకు ఎంతో గౌరవం. వయసు పైబడింది. ఈమధ్యే భార్య పోయారు. మనిషి కుంగిపోయి ఉన్నారు. ఎవరో చెప్పించినట్టు..."

"భార్య పోయిన మాట నిజమేనండీ," అన్నాడు మేకప్‌మేన్. "ఈ సంగతి ఆవిడకీ తెలుసు. నాకే తెలీదు."

"అంటే శుక్రవారం అబద్ధం చెప్పారా?" అంది యాంకరు.

"నిజమనుకునే చెప్పాను. ఇన్నేళ్ళు చెప్పీ చెప్పీ నిజమైపోయింది." ఆయన చేతులు చూసుకున్నాడు. "కానీ అదీ పూర్తిగా సరికాదు. రెండో రోజు నేను బ్రష్షు పెట్టగానే ఆ అమ్మాయి, మెల్లిగా, అని చెయ్యి వెనక్కి తీసుకుంది. లైటు పోతోంది, కానివ్వమ్మా, అన్నాను. రంగు వేస్తే నొప్పి పుట్టదు. పని నేర్చుకున్న మొదటి వారంలోనే తెలిసే సంగతది. అందుకని నాకు అప్పుడే తెలిసుండాలి. ఆవిడ అబద్ధం చెప్పలేదు."

లాయరమ్మ ఏదో అనబోయింది. నిర్మాత అంతకంటే గట్టిగా, "ఈ కాగితాలు ఎవరు రాశారు? ఎప్పుడు రాశారు? నిన్న రాత్రి కూర్చుని రాయకూడదని ఏముంది? పేరు చెప్పమనండి," అన్నాడు.

యాంకరు ఆయన వైపు తిరిగింది. "ఎవరు రాశారు మాస్టారూ?"

"ఆ పేరు చెప్పనని మాటిచ్చానండీ."

నిర్మాత నవ్వి కుర్చీలో వెనక్కి వాలాడు. కాసేపట్లో వస్తామని యాంకరు కెమెరాకు చెప్పింది. లైట్లు తగ్గాయి. విమర్శకుడు మేకప్‌మేన్ వైపు వంగి, మెల్లిగా అడిగాడు. "స్క్రిప్టులో అసలు మచ్చే లేదా?"

"లేదండీ."

"అరవై పేజీలు రాశాను దాని మీద."

"మా ఆవిడ చదివింది. సగంలో మూసేసింది. బాగా రాయలేదనుకున్నాను, కాదన్నమాట."

విమర్శకుడు మంచినీళ్ళ గ్లాసు అందుకుని, తాగకుండా అలాగే పట్టుకున్నాడు. మేకప్‌మేన్ కాపీలు సర్దుకుంటూ లెక్క వేసుకున్నాడు. తన మాట తీసిపారేశారు. కాగితానికి పేరు లేదు. ఇంకో అయిదు నిమిషాల్లో కార్యక్రమం అయిపోతుంది. రేపటినుంచి హీరోయిన్ని అబద్ధాలకోరు అనడానికి ఇంకో కారణం దొరుకుతుంది, ముసలాణ్ణి కూడా తన వైపు తిప్పేసుకుందని.

తలుపు తెరుచుకుంది. హెడ్‌ఫోన్లు పెట్టుకున్న మనిషి ఎవరినో వద్దంటున్నాడు. మరదలు ఆయన్ని తప్పుకోమని కూడా అనలేదు. బడిలో అల్లరి చేసే పిల్లల్ని చూసినట్టు ఒక చూపు చూస్తే ఆయనే తప్పుకున్నాడు. ఆవిడ కేబుళ్ళు తొక్కకుండా చీర కుచ్చెళ్ళు కాస్త పైకి పట్టుకుని నడిచి వచ్చి, బావ కుర్చీ పక్కన నిలబడింది. చేతిలో పుస్తకం ఉంది, కళ్ళజోడు అప్పటికే పెట్టుకుంది.

"నువ్వెందుకే ఇప్పుడు," అన్నాడాయన నెమ్మదిగా. "బళ్ళో..."

"బళ్ళో నేను చెప్పుకుంటాలే బావా. కాస్త జరుగు."

ఇంకో కుర్చీ తెచ్చి ఎటు వెయ్యాలో తెలియక ఒకతను దాన్ని పట్టుకుని అటూ ఇటూ చూశాడు. ఆవిడే చెయ్యి చాచి కుర్చీ లాక్కుని కూర్చుంది. పదకొండో రోజు పేజీ తీసి ఒళ్ళో పెట్టుకుంది. పేజీ చివర తన సంతకం, తేదీ ఉన్నాయి. పుస్తకం అంచులు రెండు చేతులతో పట్టుకుంది.

లైట్లు పెరిగాయి. యాంకరు చెవిలో ఎవరో చెప్పేది విని, ముఖం ఇటు తిప్పింది. "మీరెవరమ్మా?"

ఆవిడ ముందు తన పేరు చెప్పింది. తర్వాత పనిచేసే బడి పేరు చెప్పింది. "ఇది రాసింది నేను," అని, చదవడం మొదలుపెట్టింది.