బల్ల మీది టోపీ

మా ఊళ్ళో ఆడవాళ్ళు సభ పెట్టుకుంటే పోలీసు వచ్చి ముందు కూర్చుంటాడు. రాగానే ఇత్తడి ములుకున్న తన టోపీ తీసి బల్ల మీద పెడతాడు. అది బల్ల మీద ఉన్నంతసేపూ మాట్లాడుకోవచ్చు. రాజకీయం వినిపించిందా, టోపీ తల మీదికి ఎక్కుతుంది. ఎక్కితే సభ రద్దయినట్టే. ఎవరూ ఏమీ చెప్పనక్కరలేదు, అందరూ లేచి ఇళ్ళకు పోవాలి. ఆడవాళ్ళ సభల్లో రాజకీయం కూడదని చట్టం; జర్మన్ రాజ్యమైన మా ప్రష్యా అంతటా ఇదే పద్ధతి. అందుకని మా ఆడవాళ్ళు మాట్లాడే మనిషి మొహం కన్నా ఆ టోపీనే ఎక్కువగా చూస్తారు.

ఆ ఆదివారం సభ మా మామయ్య బార్తెల్ నడిపే బీరు సత్రంలో జరిగింది. మాట్లాడవలసింది థెక్లా వెస్టర్‌కాంప్. పనిమనుషుల కథలు, బట్టలుతికే ఆడవాళ్ళ కథలు పత్రికల్లో రాసే ఆవిడే. మొదటి పుస్తకం మగపేరు పెట్టి అచ్చు వేయించుకుందట. ఆడవాళ్ళకు ఓటు కావాలని ఒక సభలో అన్నందుకు జైల్లో పెట్టారు. అక్కడే దగ్గు పట్టుకుంది. ఇంకోసారి జైలుకు పోతే ప్రాణాలతో తిరిగి రాదని డాక్టరు చెప్పాడు. అందుకే ఈసారి ఉపన్యాసం ‘పసిపిల్లల పెంపకం’ గురించని చెప్పి అనుమతి తీసుకున్నారు.

కొన్నాళ్ళుగా ఆవిడ మా మేడగదిలో ఉంటోంది. ఆవిడకు బొగ్గులూ నీళ్ళూ మోసేదాన్ని నేను. ఎవరైనా నా వంక చూస్తే నాకు గొంతు పెగలదు. బడిలో పాఠం అప్పజెప్పమంటే నిలబడి ఏడ్చేదాన్ని. ఆవిడ మాత్రం నా వేళ్ళకున్న సిరా చూసి, “ఏం రాస్తుంటావే అల్వీనా?” అని అడిగింది.

“ఏం లేదండీ. రోజూ జరిగింది.”

“నేను రాసేదీ అదేనే! నేను డబ్బు పుచ్చుకుంటాను, అంతే తేడా,” అని నవ్వింది. నవ్వు దగ్గులోకి తిరిగింది.

ఆదివారం భోజనాలయ్యాక వంటింట్లో గ్లాసులు తుడుస్తున్నాను. పక్క గదిలోంచి పోలీసు గ్రూబెల్ గొంతు వినిపించింది.

“ఇవాళ బీరు వద్దు బార్తెల్.”

“అదేంటి సార్, ఒంట్లో బాగాలేదా?”

“చేతికి పనుంది. ఇవాళ టోపీ పెట్టుకోను. పెట్టుకున్నానంటే ఆవిడ నోరు కట్టేసుకుంటుంది, నాకేం దొరుకుతుంది? పైనుంచి మాట వచ్చింది. చెప్పనీ. ఓటు దాకా రానీ. ఆ ఒక్క మాట కాగితం మీద పడితే చాలు. జైలు బండి దొడ్డి వైపు పెట్టించాను.”

“నా సత్రం లైసెన్సు...”

“నువ్వు మాట్లాడకపోతే దానికేం కాదు.”

మామయ్య వంటింట్లోకి వచ్చి నన్ను చూసి ఆగిపోయాడు.

“విన్నావా?”

తల ఊపాను.

“విననట్టే ఉండు. నీకెటూ నోరు పెగలదుగా. ఇవాళ్టికి అదే మన అదృష్టం.”

నీళ్ళ కూజా పట్టుకుని హాల్లోకి పరుగెత్తాను. అప్పటికే ఆవిడ చుట్టూ ఆడవాళ్ళు మూగి ఉన్నారు. వాళ్ళ సందుల్లోంచి దూరి ఆవిడ దగ్గరికి చేరాను.

“ఏంటమ్మా?” అంది.

అందరూ నా వైపు తిరిగారు.

“నీళ్ళు... కావాలాండీ?”

అంతే అనగలిగాను. మామయ్య నా భుజం పట్టి తీసుకెళ్ళి గ్రూబెల్ బల్ల పక్కన నిలబెట్టాడు.

హాలు నిండిపోయింది. తడిసిన ఉన్ని శాలువాల వాసన. ఒళ్ళో పిల్లలు. బట్టలుతికే డోర్టె ముందు బెంచీ మీంచి, “సార్జంటుగారూ, పిల్లలకు పాలెలా పట్టాలో చెబుతారట, చెవులప్పగించి వినండి! మళ్ళీ చెప్పరు!” అని అరిచింది. అందరూ నవ్వారు. గ్రూబెల్ కూడా నవ్వాడు. అతను నవ్వగా నేనెప్పుడూ చూడలేదు. చిన్న చాకుతో పెన్సిలు చెక్కుకుంటున్నాడు. పొట్టు టోపీ చుట్టూ పడుతోంది.

థెక్లా పాలు మరగబెట్టడం గురించి చెప్పింది, గుడ్డలు ఉడకబెట్టడం గురించి చెప్పింది. ఇంతలో డోర్టె లేచింది.

“పాలు కాచమన్నారు, బాగానే ఉంది. పాలు కొనాల్సిన నా కూలి డబ్బు మా ఆయన లాక్కుని ఇదిగో, ఈ బార్తెల్ దగ్గరే తాగేస్తాడు. అది ఎవరి డబ్బండీ?”

తలలన్నీ టోపీ వైపు తిరిగాయి. అది కదల్లేదు.

“చట్టం ప్రకారం ఆయనదే,” అంది థెక్లా మెల్లగా. “నా మొదటి పుస్తకం డబ్బు కూడా మా ఆయనే సంతకం పెట్టి తీసుకున్నాడు.”

టోపీ కదల్లేదు. వెనక ఎవరో, “ఇవాళ బుద్ధి మంచిగా ఉందే వీడికి!” అని గొణిగారు. భుజాలు వదులయ్యాయి. బెంచీలు ముందుకు జరిగాయి. టోపీ చాటున పెన్సిలు మాత్రం ఆగకుండా నడుస్తోంది. అది వాళ్ళకు కనిపించదు. నాకే కనిపిస్తోంది.

“ఆ చట్టం రాసిందెవరు?” అంది ఇంకొకావిడ.

“మగవాళ్ళు.”

“మరి మార్చేదెవరు?”

థెక్లా ముందున్న కాగితాలు పక్కకు నెట్టింది. చేతిరుమాలు నోటికి అద్దుకుని చూసుకుని, మడిచి దాచేసింది. మరోసారి టోపీ వంక చూసింది. ఆవిడ మొహంలోకి రంగు వచ్చింది. గ్రూబెల్ పెన్సిలు గాలిలో ఆగింది.

“అది మారాలంటే మనకు...”

నాకు గొంతు రాలేదు. చేతులు వచ్చాయి. కూజా కింద పెట్టి, రెండు చేతులతో ఆ టోపీ ఎత్తి నా తల మీద పెట్టుకున్నాను. అనుకున్న దానికన్నా బరువుగా ఉంది. చెమటా తలనూనే కలిసిన వాసన. కళ్ళ మీదికి జారిపోయింది.

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ వెంటనే వెనక ఒక బెంచీ కిర్రుమంది. తర్వాత ఇంకొకటి. టోపీ తలకెక్కితే లేవడం మా ఆడవాళ్ళ కాళ్ళకు అలవాటు. తల ఎవరిదని ఆ కాళ్ళు చూడలేదు. అందరూ లేచి నిలబడ్డారు.

టోపీ అంచు కింద నుంచి నాకు థెక్లా చేతులు మాత్రమే కనిపిస్తున్నాయి. అవి కాగితాలు దగ్గరికి తీసుకున్నాయి.

“పిల్లలకు పాలు మరగబెట్టే ఇవ్వండి,” అంది ఆవిడ. “సభ అయిపోయింది. ఇళ్ళకు వెళ్ళండి.”

డోర్టె ఆవిడ చేయి పట్టుకుంది. శాలువాల మధ్య ఆవిడ వీధి వాకిట్లోంచి వెళ్ళిపోయింది. దొడ్డి వైపు బండి గుర్రం సకిలించింది.

హాల్లో ముగ్గురమే మిగిలాం. మామయ్య గోడ వైపు చూస్తున్నాడు. గ్రూబెల్‌కు కోపం రాలేదు. నా తల మీంచి టోపీ తనే తీసి, చేతి అంచుతో తుడిచి, మళ్ళీ బల్ల మీదే పెట్టాడు. కొత్త పేజీ తిప్పాడు.

“పేరు చెప్పమ్మా.”

“అల్వీనా,” అన్నాను. గట్టిగానే వచ్చింది.

రాసుకున్నాడు. తర్వాత తల వంచి, నా వేళ్ళకున్న సిరా వంక చూశాడు.

“నువ్వూ ఏమైనా రాస్తుంటావా, అల్వీనా?”