గ్యాస్ లేని ల్యాబు

పోతిరెడ్డిపల్లిలో కిరోసిన్ అయిపోయినవాళ్లు బియ్యం గిన్నె పట్టుకుని సోమమ్మ ఇంటికి వస్తారు. గ్లౌజులివ్వని కంపెనీ సూపర్‌వైజర్ పేరెత్తితే చాలు, ఆమెకు కోపమొస్తుంది, ఎదురుగా ఉన్న నీళ్లు కాగుతాయి. అన్నం ఉడికేదాకా ఎవరో ఒకరు ఆ పేరు తలుస్తూ కూర్చుంటారు.

అందుకే కెమిస్ట్రీ ప్రాక్టికల్స్ ముందురోజు సర్కారు జూనియర్ కాలేజీలో గ్యాస్ సిలిండర్ ఖాళీ అని తేలగానే, హైమావతి మేడం సోమమ్మ కూతురు కౌసల్యతో, "రేపు మీ అమ్మను తోలుకరా" అంది. సోమమ్మ గడ్డపోతారం కంపెనీలో కెమికల్ డ్రమ్ములు కడిగే పనికి ఒకపూట సెలవు పెట్టి వచ్చింది.

పరీక్ష పెట్టడానికి బయటినుంచి వచ్చిన వెంకటరామయ్య కుర్చీలోంచి లేవనేలేదు. "గ్యాసే లేదుగా. అందరికీ ముప్పైకి పద్దెనిమిది వేసేశాను, వెళ్లండి."

"నిన్న రోడ్డవతలి ప్రైవేటు కాలేజీల ల్యాబ్ తాళం గూడ తియ్యలేదంట సార్. ఆడ మీరు ముప్పైకి ముప్పై ఎట్ల ఏసిండ్రు?" అంది కౌసల్య.

ఆయన వాచీ చూసుకున్నాడు. సిగ్గుపడాల్సిన మనిషికి ఆకలి గుర్తొచ్చింది.

సోమమ్మ గోడకు ఆనుకుని చేతులు కట్టుకుంది. చదువుకున్నాయన ముందు ఆమెకు కోపం రాలేదు, భయమేసింది. సాల్టులో క్షారం కలిపి వరుసగా పెట్టిన టెస్ట్ ట్యూబులు చల్లగానే ఉన్నాయి. అది చూసి కౌసల్యకు ఒళ్లు మండిపోయింది.

"అమ్మా, డిగ్రీ సీటు ఇంటర్ మార్కులు జూసే ఇస్తరు. పద్దెనిమిదేస్తే నాకు హైదరాబాద్‌ల సీటు రాదు. ఇగ నీతోని డ్రమ్ములు కడగనీకే వస్త."

"ఏందీ?" అంది సోమమ్మ.

వరుసలో ఉన్న ట్యూబులన్నీ ఒక్కసారే మరిగాయి. అమ్మోనియా గుప్పున కొట్టింది. వెంకటరామయ్య కళ్ల నీళ్లు కారుతుండగా లేచి, దగ్గుతూ ఒక్కో పిల్ల దగ్గరికీ రావలసి వచ్చింది.

"అమ్మోనియం సాల్ట్ సార్. మీకే తెలుస్తుంది గదా," అంది కౌసల్య.

పద్దెనిమిది కొట్టేసి ఇరవైతొమ్మిది వేశాడు. "ఇంక మీరు వెళ్లొచ్చమ్మా," అని సోమమ్మను బతిమాలాడు.

"అందరియి కానియ్యి సారూ. నాకేం జల్దీ లేదు."

కౌసల్యకు సీటొచ్చింది. సీట్ల జాబితాలో ఆమె కన్నా పైనున్న పేర్లన్నీ రోడ్డవతలి కాలేజీవే. చేరడానికి ఇద్దరూ బయల్దేరితే, ముత్తంగి దగ్గర బస్సు ఇంజన్ మరిగి ఆగింది. ఆమె సంగతి తెలిసిన డ్రైవర్ దిగి చూసి, సోమమ్మను ఇంజన్‌కు దూరంగా వెనక సీటుకు మారమన్నాడు.

"తాళం తియ్యకుంటనే ముప్పైకి ముప్పై అంట," అని సోమమ్మ లింగంపల్లి దాకా తిడుతూనే ఉంది.