ఫోటోలో పడిన నీడ

"ఫోటోగ్రాఫర్ పెళ్ళాం అయ్యుండి ఒక్క ఫోటో సరిగ్గా దిగలేదు చూడు, మహాతల్లి!" అంది మేనత్త, ఆల్బమ్ మీది దుమ్ము కొంగుతో తుడుస్తూ.

అమ్మ పోయి నెలైంది. ముందుగదిలో తాతల వరసన ఆమెనూ గోడకెక్కించాలి. ఆ ఫోటో వెతికే పని, ఆస్పత్రి మంచం దగ్గర పనుల్లాగే, ఎవరూ అడక్కుండానే కూతురి నెత్తిన పడింది. పొద్దుట్నుంచి ఆరు ఆల్బములు తిరగేసింది. పెళ్ళిఫోటోలో అమ్మ తల వంచుకుని ఉంది. పాపిట తప్ప ముఖం లేదు. ఆ తర్వాత అసలు అమ్మే లేదు. పుట్టినరోజులు, కొత్త సైకిలు, స్టూడియో ముందు చుట్టాల గుంపు, అన్నిట్లోనూ నడిమధ్య కుర్చీలో నాన్నే, మీసం దువ్వుకుని, కాలు మీద కాలేసుకుని. "కెమెరా తీస్తే చాలు, మా ఆవిడ వంటింట్లో దూరుతుంది" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వించేవాడు. ఆ నవ్వులో తనూ ఎన్నిసార్లు గొంతు కలిపిందో!

ఏడో ఆల్బములో పెరటి ఫోటో దగ్గర కూతురి చేయి ఆగింది. అందరి కాళ్ళ ముందూ నేల మీద ఒక నీడ. పక్కకి జారిన కొప్పు, వేలాడే కొంగు, ముఖం దాకా ఎత్తిన రెండు మోచేతులు. గబగబా వెనక్కి తిప్పింది. ఆరుబయట తీసిన ప్రతి ఫోటోలోనూ అదే నీడ. పొద్దున తీస్తే పొడుగ్గా, మధ్యాహ్నం తీస్తే కురచగా. నవ్వమంటే నవ్వడమే గానీ, కెమెరా వెనక ఎవరున్నారని తనెప్పుడూ చూడలేదు.

"నాన్నా, అన్నిట్లో నువ్వు కూర్చునే ఉన్నావు. మరి కెమెరా మీట నొక్కిందెవరు?"

"ఎవరో ఒకరు నొక్కి ఉంటారు లేవే."

"ఎవరో ఏంట్రా తమ్ముడూ! నీ పెళ్ళామే కదూ? నువ్వు కుర్చీ దిగితేగా!" అంది మేనత్త.

నాన్న విసుక్కున్నాడు. "పక్కకి జరగవే, నీడ పడుతోందే అని చెప్పి చెప్పి నా నోరు పడిపోయింది. వింటేనా? బయటివాళ్ళ పెళ్ళిళ్ళకి పంపిస్తే మాత్రం ఒక్క ఫోటోలోనూ నీడ పడేది కా..."

తన మాట తనకే అప్పుడు వినపడ్డట్టు ఆగిపోయాడు.

పెళ్ళిళ్ళకి చుట్టరికంగా వెళ్తోందనుకుంటే, ఫోటోలు తీయడానికి పంపించేవాడా! బోర్డు మీద పేరు ఈయనది, ఊరంతా మెచ్చుకున్న చేయి ఆవిడదా! ఒకసారి పడితే పొరపాటు. ముప్పై ఏళ్ళు, అదీ ఇంటి ఫోటోల్లోనే, చెప్పినా వినకుండా పడితే? కూతురికి నవ్వొచ్చింది, కళ్ళనీళ్ళు కారేంత నవ్వు. నోరు మెదపకుండా ఎంత పని చేసిపోయావమ్మా!

వారం తిరక్కుండా పెరటి ఫోటో తలుపంత పెద్దది చేయించి, తాతలని పక్కకి జరిపి, నడిమధ్యన మేకు కొట్టింది. నాన్న స్టూలు పట్టుకున్నాడు.

మేనత్త కళ్ళజోడు సర్దుకుని ఎగాదిగా చూసింది. "అంతా బాగానే ఉంది గానీ, ఇందులో మీ అమ్మేదే?"

"సరిగ్గా చూడు అత్తా. అందరికంటే ముందుంది."