గౌరయ్య ఎత్తు బంగారం

నర్సమ్మకు మొగుడి ఆరోగ్యం తెలుసుకోవడానికి డాక్టరు అక్కర్లేదు, బెల్లం దుకాణం చాలు. ఎన్నడో గౌరయ్యకు పచ్చకామెర్లు ముదిరి కట్టెపుల్లలా మిగిలినప్పుడు ఆమె సమ్మక్క తల్లికి మొక్కుకుంది. మనిషి దక్కితే జాతర జాతరకూ ఆయన ఎత్తు బంగారం, అంటే ఆయన బరువుకు సరితూగే బెల్లం, సమర్పిస్తానని. మనిషి దక్కాడు. దక్కడమేమిటి, అలియాబాద్‌లో కాంటా ఎక్కిన ప్రతిసారీ ఇంకో ముద్ద ఎక్కువ పడుతుంటే నర్సమ్మ ఉబ్బి తబ్బిబ్బయ్యేది.

అట్లాంటి మనిషి ఊరికే బీపీ చూపించుకుందామని శామీర్‌పేట దవాఖానకు వెళ్తే, నర్సు ఝాన్సీ బరువు చూసి, గోడకు నిలబెట్టి ఎత్తు కొలిచి, లెక్క కట్టింది.

"పెదనాయనా, నీ బీఎంఐ ఇరవై తొమ్మిదికి దగ్గరుంది. మనోళ్లకు ఇరవై మూడు దాటితేనే జర సూసుకోవాలె."

వెంట వచ్చిన నర్సమ్మకు ఒళ్లు మండింది. "డెబ్బై నాలుగు కిలోలు. గది తల్లి ఇచ్చిన బరువు బిడ్డా, నీకేం తెల్సు?"

"బరువొక్కటే గాదు పెద్దమ్మా, ఎత్తుతోని కలిపి సూస్తం. గిదే బరువు ఆరడుగుల మనిషికుంటే నేనేమనకపోదును. గీ అంకె రోగమున్నదని చెప్పదు. లోపల ఓపారి సూడుమంటది, గంతే."

ఝాన్సీ టేపుతో నడుము కొలిచింది, రక్తపరీక్ష చేయించింది. షుగరు ఇంట్లోకి రాలేదు గానీ గడప దాకా వచ్చి నిలబడింది.

ఆ రోజు నుంచి గౌరయ్య పళ్లెంలో అన్నం సగమైంది, పొద్దున చెరువు దిక్కు నడక మొదలైంది. నర్సమ్మకు మాత్రం లోపల ఒకటే గుబులు. రేపు జాతరకు బెల్లం తగ్గితే తల్లి ఏమనుకుంటుంది? ఇచ్చిన మనిషిని తరిగించి తెచ్చిందనుకోదా? ఓ రోజు ఆగలేక పప్పులో చాటుగా ఇంత నెయ్యి వేసింది. ఆయన వాసన పట్టి గిన్నె పక్కకు జరిపాడు.

జాతర రానే వచ్చింది. బెల్లం దుకాణం పరమేశ్ పోయినసారి లెక్కనే ముద్దలు పేర్చి గౌరయ్యను కాంటా ఎక్కించాడు. బెల్లం వైపు కిందికి దిగింది.

"ఏందక్కా, ఈసారి తక్కువొచ్చింది" అంటూ పరమేశ్ ముద్దలు తీసి పక్కన పెడుతుంటే నర్సమ్మ ప్రాణం ఉసూరుమంది.

తూకం అయిపోయింది. పోయిన జాతరకు ఇద్దరు చెరో రెక్క పట్టుకుంటే గానీ దిగని మనిషి, ఈసారి తనంతట తనే దిగి ధోతి సర్దుకున్నాడు. మొన్నటి పరీక్షలో షుగరు గడప కూడా వదిలి వెళ్లిందని ఝాన్సీ చెప్పినప్పుడు నమ్మని నర్సమ్మ, ఇప్పుడు నమ్మింది. కళ్లు తుడుచుకుంది.

"పరమేశూ, గా తీసిన ముద్దలు గూడ మూట గట్టు."

"గవి ఎత్తులకు రావు గదక్కా?"

"గాయన తగ్గింది గూడ తల్లికే. ఆమె దగ్గర్నే ఉండనీ, మళ్ల మా ఇంటికి రావద్దు."